నల్ల వైరు లేని ఇల్లు

పోయిన వారం మనం దుర్గాప్రసాద్‌ను స్టూలు మీద నుంచి కింద పడేసి వచ్చాం. మడతపెట్టిన బొంతల మీద పడ్డాడు కాబట్టి ఎముకలన్నీ క్షేమమేనని ముందే చెప్పేస్తే చదివేవాళ్లు కాస్త కుదుటపడతారు. అల్లుడి మర్యాదకు తగిలిన దెబ్బ మాత్రం బొంతలతో తీరేది కాదు.

మరిచిపోయినవాళ్ల కోసం మరోసారి. కర్దనూర్‌లో పోచయ్య, సత్తెమ్మ కట్టుకున్న కొత్త ఇంటికి కూతురు నిషిత, అల్లుడు దుర్గాప్రసాద్ ఆదివారం భోజనానికి వచ్చారు. గృహప్రవేశం నాడు డ్యూటీ పడి రాలేకపోయిన అల్లుడు ఈ ఇంట్లో విస్తరి ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి. నడిమి గదికి పట్టపగలు కూడా లైటు కావాలి. ఆ గది బల్బు ఆ రోజే మాడిపోయింది. “నేనుండంగ మీకెందుకు” అని అల్లుడు స్టూలెక్కాడు. బామ్మర్ది నవీన్ కింద నిలబడి స్విచ్ బంద్ చేశాడు. అల్లుడు ఎడమ చేత్తో కిటికీ ఇనుప చువ్వ పట్టుకుని, కుడి చేత్తో పాత బల్బు తీసి, హోల్డర్‌లో ఇరుక్కున్న తుప్పును వేలితో గోకబోయాడు. మరుక్షణం కేక పెట్టి బొంతల మీదికి వచ్చేశాడు.

లేస్తూనే ఆయన అన్న మాట ఒకటే. “వీడు కావాలని స్విచ్ వేసిండు.”

పొద్దున బావ పొట్ట చూసి నవీన్ ఒక చిన్న వేళాకోళం ఆడి ఉన్నాడు. అంతకంటే సాక్ష్యం ఎవరికీ అవసరం కాలేదు. “బావ కాళ్లు మొక్కి తప్పయిందను. అనేదాక ఇంట్ల కాలు పెట్టకు” అని పోచయ్య కొడుకును వాకిట్లోకి తోలాడు. చెయ్యని తప్పుకు మొక్కనని నవీన్ గేటు దగ్గర బైకు మీద ఎక్కి కూర్చున్నాడు. అల్లుడు అరుగు మీద బూట్లు తొడుక్కుని, కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, ఇప్పుడే లేస్తానన్నట్టు కూర్చున్నాడు.

లోపల పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది. సత్తెమ్మ గుండెల్లో ఇంకేదో ఉడుకుతోంది.

అల్లుడు కొత్తింట్లో అన్నం ముట్టకుండా లేచిపోయాడంటే ఆ మాట ఎక్కడిదాకా పోతుందో సత్తెమ్మకు బాగా తెలుసు. ఇలాంటి మాటలు ఇన్నాళ్లూ ఊరంతా మోసినవాళ్లలో ఆమే ముందుండేది. ఎవరింటి అల్లుడు ఏ పండుగకు ఏ కూర బాగాలేదని లేచిపోయాడో, ఆ కూరలో ఉప్పెంత పడిందో కూడా చెప్పగలదు. ఇప్పుడా వరసలో తన ఇల్లు చేరబోతోంది. ఎదురింటి మేడ మీద ఇద్దరు ఆడవాళ్లు ఎప్పుడో ఆరిపోయిన బట్టలను మళ్లీ మళ్లీ తిప్పి ఆరేస్తున్నారు.

“అత్తమ్మా, మేం పోతం” అన్నాడు దుర్గాప్రసాద్.

“గట్లనకుండ్రి. జెర సేపాగుండ్రి. ఇగో, కూర దించుతున్న” అంది సత్తెమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

“నేను కంపెనీల సేఫ్టీ ఆఫీసర్‌ను. జిన్నారంల వందల మందికి కరెంటుతోని ఎట్ల ఉండాల్నో చెప్పేటోన్ని. నాకే షాక్ పెట్టిండు మీ కొడుకు.”

గడపలో నిలబడ్డ నిషితకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. “అవునుగని, మీ కంపెనీల బల్బు మార్చాలంటె ఏం చేస్తరు?”

“మెయిన్ బంద్ చేస్తం. దానికి తాళమేసి చెవి జేబుల పెట్టుకుంటం. టెస్టర్‌తోని చూసినంకనే చెయ్యి పెడతం” అన్నాడు దుర్గాప్రసాద్, పాఠం అప్పజెప్పినట్టు.

“మరి ఈడెందుకు చెయ్యలే?”

“గది కంపెనీ. ఇది ఇల్లు.”

“కరెంటుకు గా సంగతి ఎర్కనా?”

దుర్గాప్రసాద్ తాళంచెవిని ఇంకా జోరుగా తిప్పాడు. పోచయ్య కూతురి వైపు గుడ్లురిమి చూసి, “వైరింగ్ చేసిన ఐలన్నకు ఫోన్ చేసిన. వస్తుండు. స్విచ్ మంచిగున్నదని వాడే చెప్తడు. అప్పుడు నవీన్‌గాని సంగతి చూస్త” అన్నాడు.

ఐలన్న పేరు వినగానే సత్తెమ్మ అక్కడ నిలబడలేదు. గరిటె పట్టుకుని గబగబా వంటింట్లోకి పోయింది. కూర కలిపింది. ఎందుకు కలుపుతోందో ఆమెకే తెలియలేదు.

ఆమె భయానికి కారణం ఈ ఇంటి గోడల్లో ఉంది. పోచయ్యకు తెలియదు, ఊరికి తెలియదు. ఈ ఊళ్లో తెలిసింది ఇద్దరికే.

ఇంటికి పైపులు పరిచి వైర్లు లాగే రోజున, మంచి గడియ చూసుకుని సత్తెమ్మ గడపకు పసుపు రాస్తూ ఉంది. సరిగ్గా అప్పుడే ఐలన్న భుజాన నల్ల వైరు చుట్ట వేసుకుని గడప దాటబోయాడు. సత్తెమ్మ చేతిలో పసుపు గిన్నె కింద పడేంత పనయింది. “మంచినాడు నల్లది లోపలికి తెస్తవా? కొత్తింటి గోడల్నిండ నల్లదారం పోస్తవా? తీసుకపో!” అంది. ఎర్రది పర్వాలేదు, కుంకుమ రంగు. పచ్చది మరీ మంచిది, మామిడాకు రంగు. నల్లది మాత్రం గజం కూడా వద్దు.

“అక్కా, గట్ల కుదరదు. కరెంటు మోసుకొచ్చే ఫేజుకు ఎర్రది, మర్లిపోయే న్యూట్రల్‌కు నల్లది, భూమికి పోయేదానికి పచ్చది. రంగు లేకుంటె రేపు ఏది ఏందో ఎవరికి ఎర్క?” అని ఐలన్న మొత్తుకున్నాడు.

“నీకు పని రాదని చెప్పరాదు!” అంది సత్తెమ్మ.

ఐలన్నను ఏమైనా అనొచ్చు, ఆ మాట ఒక్కటి అనకూడదు. ఇస్నాపూర్ నుంచి కర్దనూర్ దాకా తాను వెలిగించని ఇల్లు లేదని చెప్పుకునే మనిషి. ఆ రోషంలోనే పోచయ్య పటాన్‌చెరుకు పోయి కొనుక్కొచ్చిన నల్ల చుట్టలన్నీ దుకాణంలో తిరిగిచ్చి ఎర్రవి తెచ్చాడు. ఇంటాయనకు చెప్పనని గడప మీద చెయ్యేసి ఒట్టు కూడా వేశాడు. గుర్తు కోసం న్యూట్రల్ కొసలకు ముడి వేశాడు. తీరా లాగబోతే ముడి పైపులో దూరలేదు. ముడి కోసేశాడు, దాంతో గుర్తూ పోయింది. చివర్లో స్విచ్ వేస్తే బల్బు వెలిగింది, ఆపితే ఆరిపోయింది. సత్తెమ్మ చేతిలో పెట్టిన లడ్డూ తిని ఐలన్న ఇంటికి పోయాడు.

ఇప్పుడదే ఐలన్న చొక్కా జేబులో పెన్నులా టెస్టర్ పెట్టుకుని గేటు తీసుకుని వచ్చాడు. బైకు మీదున్న నవీన్ కిందికి దూకాడు. “ఐలన్న మామా, నువ్వే చెప్పాలె. నేను స్విచ్ బంద్ చేసిన. నా బతుకు నీ చేతులల్ల ఉన్నది.”

“నా స్విచ్ ఆగినంక కరెంటు ఎట్లొస్తది రా? నేను చేసిన పనిల గసుంటిది జరగదు” అన్నాడు ఐలన్న ధీమాగా. ఆ మాటతో నవీన్ మొహం వాడిపోయింది, అల్లుడి మొహం వికసించింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సత్తెమ్మకు మాత్రం ఎవరి మొహమూ చూడాలనిపించలేదు.

ఐలన్న నవీన్‌ను కూడా నడిమి గదిలోకి లాక్కొచ్చి, ముందు టెస్టర్‌ను పక్కనున్న ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని చూసుకున్నాడు. చెప్పులు వేసుకునే స్టూలెక్కాడు. కిటికీ చువ్వ జోలికి పోలేదు. “నవీన్, స్విచ్ బంద్ ఉన్నదా?”

“బందే ఉన్నది. చూడుండ్రి అందరు!” అని నవీన్ రెండు చేతులూ గాలిలోకి ఎత్తేశాడు.

ఐలన్న టెస్టర్ కొసను హోల్డర్‌లోని రెండు ఇత్తడి పుల్లల్లో ఒకదానికి తగిలించాడు. ఏమీ లేదు. రెండో పుల్లకు తగిలించాడు. టెస్టర్ పిడిలో ఎర్రగా దీపం వెలిగింది.

 ముందుగా తేరుకున్నవాడు నవీన్. “చూసిన్రా! చూసిన్రా! నేను చెప్పలేదా!” అని గది మధ్యలో గంతులేశాడు. నిషిత తమ్ముడి వీపు మీద రెండు చరిచింది. ముద్దుగానే చరిచింది గానీ గట్టిగా చరిచింది.

“స్విచ్ బంద్ ఉంటె కరెంటెట్ల వస్తది?” అన్నాడు పోచయ్య.

ఐలన్న స్టూలు మీద నుంచి మెల్లగా దిగాడు. వచ్చినప్పటి ధీమా సగానికి తగ్గింది. “అన్నా, స్విచ్చంటె తొవ్వల పెట్టిన తలుపు. కరెంటు వచ్చే తొవ్వల తలుపు పెడితె, మూసినంక హోల్డర్ దాక కరెంటే రాదు. పొయ్యే తొవ్వల పెడితె, తలుపు మూసినంక బల్బు ఆరుతది గని కరెంటు హోల్డర్ల వచ్చి కూసునే ఉంటది. ఎవడన్న వేలు పెడితె వాని ఒంట్లకెల్లి తొవ్వ చేసుకుంటది.”

“అంటె నువ్వు తలుపు తప్పు తొవ్వల పెట్టినవ్!” అని దుర్గాప్రసాద్ అరిచాడు. సేఫ్టీ ఆఫీసర్ హోదా ఆయనకు అప్పుడే తిరిగొచ్చినట్టుంది. “స్విచ్ ఎప్పుడన్న ఫేజులనే పెట్టాలె. గింత మాత్రం తెల్వదా?”

ఐలన్న మీటరు డబ్బా దగ్గరికి పోయాడు. మెయిన్ బంద్ చేసి వచ్చాడు, మళ్లీ టెస్టర్‌తో చూసుకుని స్విచ్ బోర్డు మరలు విప్పాడు. పలక ఊడొచ్చింది. లోపల ఎర్ర వైరు. దాని పక్కన ఎర్ర వైరు. దాని వెనక మరో ఎర్ర వైరు. మూలన పచ్చది ఒకటి బిక్కుబిక్కుమంటూ ఉంది.

పోచయ్య మెడ చాచి చూశాడు. “నల్లదేది?”

ఐలన్న కళ్లు ఒక్కసారి వంటింటి వైపు పోయి వెనక్కొచ్చాయి.

“నేనే పోయి తెచ్చిన కద నల్ల చుట్టలు! ఏమైనయ్?”

“మటన్ మాడుతున్నట్టున్నది” అని సత్తెమ్మ లోపలికి మాయమైంది. మటన్ అప్పటికే పొయ్యి మీద నుంచి దించి ఉంది. దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించకుండా గరిటె తిప్పుతూ, చెవులు మాత్రం నడిమి గదిలో ఉంచింది.

“నల్లది తక్కువ పడ్డది అన్నా. మల్ల దొరకలే” అంటున్నాడు ఐలన్న.

“దొరకలేదా? పటాన్‌చెరుల నల్ల వైరు దొరకలేదా? గింత అబద్ధం చెప్పనీకి నోరెట్ల వచ్చింది రా? నల్లవి అమ్ముకున్నవా? రేపటి నుంచి ఈ ఊర్ల నీ చేత ఒక్క బల్బు ఎవడన్న పెట్టిస్తడా చూస్త!”

ఐలన్న నోరు విప్పలేదు. మొండి మనిషే, గొప్పలు చెప్పుకునే మనిషే, కానీ ఒట్టు తప్పడం లేదు. అది విని సత్తెమ్మకు ముందు ప్రాణం లేచి వచ్చింది. గండం గడిచింది అనుకుంది. ఆ వెంటనే సిగ్గేసింది. తన మాట కోసం దొంగ అనిపించుకుంటున్నాడు వాడు. ఆమె గరిటె పక్కన పెట్టి, ముక్కు చీది, నడిమి గదిలోకి వచ్చి నిలబడింది.

“వాన్నేమనకు. నేనే వద్దన్న.”

“ఏం వద్దన్నవ్?”

“నల్లది. కొత్తింట్లకు నల్లది వద్దన్న. మంచినాడు నల్లది గడప దాటొద్దని వాపస్ పంపిన.”

పోచయ్య పెళ్లాం వైపు తిరిగాడు. “నల్లది ఇంట్లకు రావద్దా? గృహప్రవేశం నాడు పొంగిచ్చిన పాలు ఏ బర్రెవి? మన నల్ల బర్రెవి కావా?”

“బర్రె నల్లగుంటె ఏంది, పాలు తెల్లగనే ఉన్నయ్ కద!” అంది సత్తెమ్మ. వాదనలో ఆమెను గెలిచినవాళ్లు ఇంతవరకు లేరు.

“మరి నా నెత్తికి నెలనెల నువ్వేసే రంగు?”

“అది బాత్రూంల వేస్తున్న. గడపకాడ కాదు.”

నిషిత గోడకు తిరిగి నవ్వడం మొదలుపెట్టింది. దుర్గాప్రసాద్ నవ్వకూడదని పళ్లు బిగించాడు. అప్పుడు ఐలన్న, ఒట్టు దిగిపోయిన సంతోషంలో, చెప్పకూడని మాట ఒకటి చెప్పేశాడు. “అక్కా, ఇంకోటి. వైరు జాయింట్ల మీద చుట్టిన టేపు నల్లదే. ఇల్లంత ఉన్నది.”

“ఇల్లంతనా?”

“గోడ గోడల.”

సత్తెమ్మ దబ్బున బొంతల మీద కూర్చుంది. అల్లుడు పడ్డ చోటే కూర్చుంది. ఇన్ని నెలలుగా ఏ నల్లదీ లేదని మురిసిపోయిన ఇంట్లో గోడగోడకూ నల్లదే చుట్టుకుని ఉంది, అయినా ఏ అరిష్టమూ రాలేదు. ఆమె వద్దన్న చోట మాత్రం అల్లుడు ఎగిరి పడ్డాడు. ఈ లెక్క ఆమెకు ఏ వైపు నుంచి చూసినా మింగుడుపడలేదు.

ఇక దుర్గాప్రసాద్ వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. పొద్దున నవీన్ వేళాకోళమాడిన ఆ పొట్టే. నవ్వుతూనే బూట్లు విప్పాడు. “బామ్మర్దీ, ఊకెనే నిన్నన్న రా” అని భుజం మీద చెయ్యేశాడు. “మొక్కుమంటె మొక్కుత బావా, గని కరెంటు పట్టిన కాళ్లు కద, జెర దూరం నుంచే” అన్నాడు నవీన్.

ఐలన్న పని మొదలుపెట్టాడు. బోర్డులోకి వచ్చే రెండు ఎర్ర వైర్లలో ఏది ఫేజో మెయిన్ దగ్గరి నుంచి వెతికి పట్టుకున్నాడు. దాన్ని స్విచ్‌లోకి మార్చి, రెండోదాన్ని నేరుగా లైటుకు పోనిచ్చాడు. న్యూట్రల్ కొసకు నల్ల టేపు చుట్టాడు. చుట్టేటప్పుడు సత్తెమ్మ వైపు చూశాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది, వద్దని మాత్రం అనలేదు. మెయిన్ వేసి, స్విచ్ బంద్ చేసి, టెస్టర్ పెడితే ఈసారి రెండు పుల్లల్లోనూ వెలుగు రాలేదు. “ఇగ బల్బు పెట్టుకోండ్రి. గని మెయిన్ బంద్ చేసే పెట్టుండ్రి. మిగతా బోర్డులన్ని అన్నం తిన్నంక చూస్త, అప్పటిదాక ఏ హోల్డర్‌ను ముట్టొద్దు” అన్నాడు.

విస్తర్లు వేశారు. ఎదురింటి మేడ మీది బట్టలు చివరికి తీగ మీద ఉండిపోయాయి, ఆడవాళ్లు నిరాశగా లోపలికి పోయారు. సత్తెమ్మ తన చేత్తో అల్లుడికి మటన్ వడ్డించింది, మూలుగ బొక్క వెతికి మరీ వేసింది. దుర్గాప్రసాద్ ముద్ద కలిపాడు. సత్తెమ్మకు ఆ రోజు మొదటిసారి ఊపిరి నిండుగా అందింది.

“ఎంతయిన ఐలన్న, నీ చేతుల పనున్నది. ఇంక ఏడన్న గిట్ల నల్లది లేకుండ చేసినవా?” అని పోచయ్య ఎగతాళిగా అడిగాడు.

ఐలన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. “ఒక్క ఇల్లే అన్నా. అక్కనే పంపింది.”

“ఏ ఇల్లు?”

ఐలన్న అల్లుడి వైపు చూశాడు. సత్తెమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. మొన్న వియ్యపురాలు జిన్నారంలో ఇంటి వెనక కొత్తగా గది, బాత్రూం వేయించుకుంటుంటే, తానే ఫోన్ చేసి గొప్పగా చెప్పింది. మా ఇంట్ల ఒక్క నల్ల వైరు లేదు వదినె, మీరు కూడ పెట్టియ్యకుండ్రి, మా ఐలన్నను తోల్త.

దుర్గాప్రసాద్ నోటి దగ్గరికి వచ్చిన ముద్దను విస్తట్లో పెట్టేశాడు. నిషిత వైపు తిరిగాడు. “అమ్మ పొద్దున ఏమన్నది? ఎనక బాత్రూంల బల్బు పోయిందన్లేదా?”

“మీరొచ్చినంక మారుస్తరని చెప్పిన” అంది నిషిత. “ఆగదు ఆమె.”

దుర్గాప్రసాద్ ఎడమ చేత్తోనే ఫోన్ తీసి కలిపాడు. స్పీకర్ పెట్టాడు. మోగుతోంది, మోగుతోంది. ఎత్తింది.

“ఏంది కొడుకా, జల్దీ చెప్పు. ఫోను కిటికీల పెట్టిన. నేను స్టూలు మీదున్న.”

“అమ్మా, దిగు!”

“ఏంది? ఇప్పుడే తలకు పోసుకున్న, చెవులల్ల నీళ్లున్నయ్. గట్టిగ చెప్పు.”

అందరూ ఒక్కసారే గట్టిగా చెప్పారు. మెయిన్ బంద్ చెయ్యమని ఐలన్న, ముట్టొద్దని నిషిత, చెప్పులేసుకొమ్మని నవీన్, హలో హలో అని పోచయ్య. జిన్నారంలో ఆమెకు వినిపించింది ఒక సంత.

“మీరందరు కలిసి తినేటప్పుడు నన్ను యాదిజేసిన్రా, మంచిది. నేను స్విచ్ బంద్ చేసే ఎక్కిన తియ్, నాకు తెల్వదా! ఒక చేత్తోని పైపు పట్టుకున్న, పడను.”

సత్తెమ్మ ఎంగిలి విస్తర్లు తొక్కుకుంటూ వెళ్లి అల్లుడి చేతిలోని ఫోన్ లాక్కుంది. ఏ మనిషి దగ్గర జీవితంలో తగ్గకూడదని అనుకుందో ఆ మనిషికే ఇప్పుడు చెప్పాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం ఊరు దాటేలా లేచింది.

“వదినె! నేను చెప్పింది తప్పు! నల్ల వైరు ఉండాలె! స్విచ్ బందయిన కరెంటు వస్తది! చెయ్యి తియ్యి, నీ కాళ్లు మొక్కుత, చెయ్యి తియ్యి!”

“గిప్పుడు గా నల్ల వైరు ముచ్చటేంది వదినె, ఆగు, ఇది జెర టైటున్న...”

మాట అక్కడ తెగిపోయింది. స్టూలు కిర్రుమంది. బకెట్టు దొర్లిన చప్పుడు వచ్చింది.

“వదినె” అంది సత్తెమ్మ. “వదినె. వదినె!”

ఫోన్ కట్ కాలేదు. అటు నుంచి నల్లా నుంచి కారుతున్న నీళ్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది.